జెట్టీలో బాగానే ఉంటుంది, సముద్రంలోకి వెళ్తే ఇంజన్ పికప్ పోయి ఆగిపోతోంది

జెట్టీ వైజాగ్:
అందరికీ నమస్కారం. మాది వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో చెక్క మరబోటు. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్, పాత తరహా ఇన్‌లైన్ పంపు, కంప్యూటర్లు సెన్సార్లు ఏమీ లేవు. జూన్ 14తో రెండు నెలల చేపల వేట నిషేధం అయిపోయాక బయటికి వెళ్లడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఒకటే సమస్య. హార్బర్ దాటి గంటో గంటన్నరో బాగా నడుస్తుంది, తర్వాత ఎక్సలేటర్ ఎంత ఇచ్చినా పికప్ ఉండదు, ఇంజన్ ఎగుడుదిగుడుగా కొట్టుకుంటుంది, కాసేపటికి ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగి స్టార్ట్ చేస్తే మళ్లీ ఏమీ జరగనట్టు నడుస్తుంది. తర్వాత మళ్లీ అదే కథ. డీజిల్ ఫిల్టర్లు రెండూ కొత్తవి వేశాం, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ తీయించి టెస్ట్ చేయించాం, పంపు కూడా విప్పించి కాలిబ్రేషన్ చేయించాం. డబ్బు పోయింది కానీ తేడా లేదు. ఇప్పుడు మెకానిక్ ఇంజన్ బోర్‌కి వచ్చిందేమో (సిలిండర్లు అరిగిపోయాయేమో), విప్పి చూద్దాం అంటున్నాడు. ఓడలు వచ్చిపోయే దారిలో ఆగిపోతే ఏమిటి పరిస్థితి అని ఇంట్లో వాళ్లకి ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

ఇంజన్‌రూమ్:
నేను కార్గో షిప్పుల్లో ఇంజనీర్‌ని, ఊరు భీమిలి. విప్పకండి, తొందరపడొద్దు. ముందు కొన్ని ప్రశ్నలు, ఎందుకంటే వీటి జవాబులతోనే సగం తేలిపోతుంది. పికప్ పోయినప్పుడు ఆర్‌పీఎం పడిపోతోందా, లేక ఇంజన్ చప్పుడు అలాగే ఉండి బోటు మాత్రం నెమ్మదిస్తోందా? పొగ ఏ రంగు? వేడి ముల్లు, ఆయిల్ ప్రెషర్ ఎంత చూపిస్తున్నాయి? ఆగడం స్విచ్ కట్టేసినట్టు ఒక్కసారిగానా, మెల్లగా చచ్చిపోతుందా? పొద్దున్నే మొదటి స్టార్ట్ ఎలా ఉంది? ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు కూడా వస్తోందా?

కాకినాడ బోటు:
మాకు ఒకసారి ఇలాగే పికప్ పోయింది, చూస్తే ప్రొపెల్లర్‌కి తెగిన నైలాన్ వల చుట్టుకుని ఉంది. ఇంజన్ ముక్కుతూ నల్లటి పొగ వదిలేది. మీరు కింద దింపి చూపించారా?

జెట్టీ వైజాగ్:
ఇంజనీర్ గారూ, మా సరంగు (బోటు నడిపే) మావయ్యని కూర్చోబెట్టి అడిగి రాస్తున్నా. ఆర్‌పీఎమ్మే పడిపోతోంది. పొగ నల్లగా రాదు, ఆగేముందు కాస్త తెల్లగా వస్తుంది అంతే. వేడి ఎప్పుడూ ఉండే చోటే, ఆయిల్ ప్రెషర్ కూడా బాగుంది. ఒక్కసారిగా ఆగదు, రెండు మూడు నిమిషాలు కొట్టుకుని కొట్టుకుని ఆగుతుంది. పొద్దున్న స్టార్టింగ్ ఒక్క సెల్ఫ్‌కే. ట్యాంకు నిండుగా ఉంటే కొంచెం ఆలస్యంగా వస్తుందని మావయ్య అంటున్నాడు, తగ్గేకొద్దీ ఎక్కువవుతోందట. ఇంకో విషయం, మెకానిక్ వచ్చినప్పుడు జెట్టీకి కట్టేసి, గేరు వేసి, ఫుల్ ఎక్సలేటర్‌లో చాలాసేపు తోలించాడు. ఒక్కసారి కూడా ఆగలేదు.
కాకినాడ అన్నా, ప్రొపెల్లర్ చూపించాం, ఏమీ లేదు.

ఇంజన్‌రూమ్:
అయితే చాలా పక్కకి తీసేయొచ్చు. చప్పుడు అలాగే ఉండి బోటు నెమ్మదిస్తే గేర్‌బాక్స్ క్లచ్ జారుతోందనో, ప్రొపెల్లర్ రెక్క విరిగిందనో చూసేవాళ్లం. అది లేదు. వేడెక్కి పట్టేయడం కూడా లేదు, ముల్లు చెప్పేస్తోంది. నల్ల పొగ లేదంటే గాలి అందకపోవడమో, బరువెక్కువై ముక్కడమో కాదు. ఒక్కసారిగా ఆగి ఉంటే ఇంజన్ ఆపే కరెంటు వాల్వు, అదే స్టాప్ సోలెనాయిడ్, దాని వైరు ఉప్పుకి తుప్పు పట్టి వదులైందేమో, స్టాప్ కేబుల్ అదురుకి లాగేస్తోందేమో అనుమానించాలి. మెల్లగా కొట్టుకుని ఆగడం, తెల్ల పొగ, పది నిమిషాలకి మళ్లీ ప్రాణం రావడం... ఇవన్నీ డీజిల్ అందట్లేదనే చెప్తున్నాయి. ఇంజన్ బోర్‌కి వస్తే పది నిమిషాల విశ్రాంతికి బాగవదు. కంప్రెషన్ పోతే పొద్దున్న చల్లగా ఉన్నప్పుడే ముందు ఇబ్బంది పెడుతుంది, మీకు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది.

డీజిల్ బాబాయ్:
ఇంజనీర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను బోటు ఇంజన్ల మెకానిక్‌ని, ఇప్పుడు పని మానేశాను కానీ కుర్రాళ్లు అడిగితే వెళ్తుంటాను. బాబూ, నీ డబ్బంతా ఇంజన్ వైపు ఖర్చుపెట్టావు. డీజిల్ ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న దారిని ఎవరూ ముట్టుకోలేదు. ఫీడ్ పంపు అంటే ట్యాంకు నుంచి డీజిల్ లాగి ఇంజన్ వైపు తోసేది, దానికి ఇటు లాగుడు, అటు తోపుడు. తోపుడు వైపు ఎక్కడ కారినా డీజిల్ బయటికొచ్చి కనబడుతుంది, వాసనొస్తుంది. లాగుడు వైపు అలా కాదు, ట్యాంకు పంపు కన్నా కిందుంటే అక్కడ చిన్న సందున్నా ఒక్క చుక్క బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పొడి గుడ్డ పెట్టి తుడిచి "లీకేజీ లేదు" అంటే చెల్లదు.

అయితే నీకు పొద్దున్న స్టార్టింగ్ బాగుందన్నావు. గాలి పట్టే సందు పెద్దదైతే రాత్రికి పైపులో డీజిల్ వెనక్కి జారిపోయి పొద్దున్న హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్ ఎక్కించే చిన్న పంపు) కొట్టుకుంటూ కూర్చోవాల్సి వచ్చేది. కాబట్టి గాలి కంటే అడ్డమే ఎక్కువ అనుమానం. దారిలో ఏదో అడ్డుపడుతోంది, ఇంజన్ ఆగగానే లాగుడు లేక అది వదిలేస్తోంది.

ఒక పని చెయ్. శుభ్రమైన ఇరవై లీటర్ల క్యాన్‌లో మంచి డీజిల్ పోసి, ట్యాంకు నుంచి వచ్చే పైపు ఫీడ్ పంపు దగ్గర విప్పేసి, కొత్త హోస్‌తో క్యాన్ నుంచి నేరుగా ఇవ్వు. రిటర్న్ పైపు కూడా క్యాన్‌లోకే తిప్పు, మర్చిపోకు. ఇంజన్ తాగేదానికంటే పంపు తోడేది ఎక్కువ, మిగిలింది వెనక్కి రావాలి. రిటర్న్ ట్యాంకులోకి పోతే క్యాన్ చూస్తుండగానే ఖాళీ అయిపోతుంది. క్యాన్ దొర్లకుండా గట్టిగా కట్టు, ఎగ్జాస్ట్ వేడికి దూరంగా పెట్టు. ఫీడ్ పంపు దగ్గర హోస్ ఒక జానెడు ముక్క పారదర్శకమైనది వేస్తే బుడగలు పోతున్నాయా లేదా కళ్లతో చూడొచ్చు. అది పరీక్ష వరకే, తర్వాత తీసెయ్. క్యాన్ మీద ఆగకుండా నడిస్తే ఇంజన్, నాజిల్స్, పంపు అన్నీ నిర్దోషులు. క్యాన్ మీద కూడా ఆగితే ఫీడ్ పంపు నుంచి ఇటు చూడాలి. నాలుగు వస్తువులు మార్చి చూసేదాని కన్నా ఈ ఒక్క పరీక్ష మేలు.

ఫీడ్ పంపు కింద చిన్న గిన్నె, అందులో జాలి ఉంటుంది. ఫిల్టర్లు మార్చినవాడు అది విప్పాడా అడుగు. చాలామంది విప్పరు.

జాలారిపేట అక్క:
తమ్ముడూ, పరీక్ష చేయండి కానీ ఒంటరిగా సముద్రంలోకి తీసుకెళ్లి చేయకండి. పక్కన ఇంకో బోటు ఉండాలి, లాగడానికి తాడు సిద్ధంగా ఉండాలి, లంగరు విడుదలకి రెడీగా ఉండాలి. ఇంజన్ ఆగిందంటే మొదటి పని ప్రైమర్ కొట్టడం కాదు, బోటు ఎటు కొట్టుకుపోతోందో చూడటం. లోతు అందే చోటైతే లంగరు వేసేయాలి. వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఆపద పిలుపుల ఛానెల్ 16 తెరిచి ఉంచండి, కోస్ట్ గార్డ్ నంబరు 1554 సరంగు ఒక్కడి ఫోన్లోనే కాదు, కలాసీలందరి దగ్గరా ఉండాలి. మా ఇంట్లో బోట్ల లెక్కలు, డీజిల్ లెక్కలు నేనే చూస్తాను కాబట్టి ఇంకొకటి అడుగుతున్నా, డీజిల్ బంకు నుంచి నేరుగా పోయిస్తున్నారా, డ్రమ్ముల్లో తెస్తున్నారా? డ్రమ్ము ఆరుబయట నిలబెడితే వాన నీళ్లు పైన నిలుస్తాయి, మూత బిగుతుగా ఉన్నా పగలు వేడికి, రాత్రి చల్లదనానికి ఆ నీళ్లు మెల్లగా లోపలికి దిగుతాయి. మేము ఇప్పుడు డ్రమ్ములు పడుకోబెట్టే ఉంచుతున్నాం, నీళ్లు తగిలితే రంగు మారే వాటర్ పేస్ట్ రాసిన కర్రతో అడుగు చూసిన తర్వాతే ట్యాంకులోకి వంపుతున్నాం. అడుగున నీళ్లుంటే పేస్ట్ రంగు మారిపోతుంది, ఎంత ఎత్తున ఉన్నాయో కూడా తెలుస్తుంది.

నిజాంపట్నం కుర్రాడు:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మాది ఫైబర్ బోటు, టూ స్ట్రోక్ పెట్రోల్ అవుట్‌బోర్డ్. ఇది కూడా కాసేపు నడిచి ఆగిపోతోంది. క్యాన్ పరీక్ష దీనికీ చేయొచ్చా?

ఇంజన్‌రూమ్:
చేయొచ్చు, కానీ మీకు అంతకన్నా సులువుగా చెప్పే వస్తువు ఒకటి పైపు మధ్యలోనే ఉంది, అదే చేత్తో నొక్కే రబ్బరు బల్బు. ఆగబోతున్నప్పుడు బల్బు పట్టుకుని చూడండి. లోపలికి నొక్కుకుపోయి చప్పగా ఉంటే అడ్డం ట్యాంకు వైపు ఉంది. ముందు ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తెరిచారో లేదో చూడండి, ఎక్కువసార్లు అదే. బల్బు మెత్తబడి ఉండి, నొక్కగానే ఇంజన్ పుంజుకుంటే పైపులో గాలి పడుతోంది, లేదా ఇంజన్ మీదున్న చిన్న ఫ్యూయల్ పంపు డయాఫ్రం చిరిగింది. బల్బు గట్టిగా ఉండి కూడా ఆగితే కార్బొరేటర్ జెట్లు, లేదా స్పార్క్. ఆగిన వెంటనే, వేడి మీద ఉండగానే ప్లగ్గు తీసి స్పార్క్ చూడాలి. చల్లారాక చూస్తే కాయిల్ పాడైనా మంచి స్పార్క్ ఇచ్చి మోసం చేస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, పెట్రోల్ ఒలికిన చోట, బల్బు నొక్కగా కారిన చోట స్పార్క్ పరీక్ష చేయకండి. ఒళ్లు కాలుతుంది.

పెట్రోల్ గురించి కూడా ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపిన పెట్రోల్, ఇరవై శాతం దాకా ఉంటోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. సముద్రపు గాలిలో రెండు నెలలు సగం క్యాన్ అలా వదిలేస్తే, నీళ్లు ఒక హద్దు దాటాక ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకి విడిపోతాయి. ఇంజన్ అడుగు నుంచే లాగుతుంది కదా. టూ స్ట్రోక్‌లో మీరు కలిపిన ఆయిల్ పైనున్న పెట్రోల్లోనే ఉండిపోతుంది, కింది పొరలో ఆయిల్ ఉండదు. అంటే ఆగిపోవడమే కాదు, ఆగకుండా నడిచినా పిస్టన్ గీసుకుపోతుంది. నిషేధానికి ముందు కార్బొరేటర్ ఖాళీ అయ్యేదాకా తోలి ఆపండి, పాత పెట్రోల్ బోటులో వాడకండి.

నిజాంపట్నం కుర్రాడు:
బల్బు చప్పగా అయిపోతోంది గురువుగారూ. గాలి స్క్రూ తెరిచే ఉంది కానీ తుప్పు పట్టి లోపల రంధ్రం మూసుకుపోయింది. మూత మార్చాక బల్బు గట్టిగానే ఉంటోంది, ఇంజన్ ఆగట్లేదు. చాలా థ్యాంక్స్.

జెట్టీ వైజాగ్:
బాబాయ్ గారూ, మా చిన్నాన్న వాళ్ల బోటు పక్కన పెట్టుకుని వెళ్లాం. క్యాన్ మీద నడిపాం, మధ్యలో రెండోసారి నింపాం. అలలు బాగానే ఉన్నాయి, రోజూ ఆగే చోటు దాటి చాలా దూరం వెళ్లాం, ఇంజన్ ఒక్కసారి కూడా తొణకలేదు. హోస్‌లో బుడగలు లేవు. తర్వాత మళ్లీ ట్యాంకు పైపు తగిలించి తిరిగి వస్తుంటే సగం దారిలో అదే కొట్టుకోవడం. మావయ్య మొహం చూడాలి, ఇంజన్ బాగుందని తెలిసి ఎంత సంతోషపడ్డాడో. ఫీడ్ పంపు కింద గిన్నె విప్పాం, జాలికి నల్లగా జిగురు పట్టి ఉంది, కడిగాం. కడిగాక కూడా ట్యాంకు మీద నడిస్తే మళ్లీ వచ్చింది.

డీజిల్ బాబాయ్:
బాగుంది. ఇక ఇంజన్ జోలికి ఎవర్నీ రానివ్వకు. మిగిలింది ట్యాంకు, దాని గాలి గొట్టం, లోపల లాగుడు పైపు, వాల్వు, హోస్. గాలి గొట్టం ముందు చూడు. రెండు నెలలు బోటు కదలకుండా ఉంటే పురుగులు మట్టి గూడు పెట్టేస్తాయి. పరీక్ష సులువు, ఇంజన్ కొట్టుకోవడం మొదలవగానే ట్యాంకు మూత తియ్యి. స్‌స్ అని గాలి లోపలికి లాగి, ఇంజన్ కుదుటపడితే అదే. హోస్ పాతదైతే పైకి బాగానే కనబడుతుంది, లోపలి పొర ఊడి లాగుడికి మూసుకుంటుంది. ఆగగానే మళ్లీ తెరుచుకుంటుంది. దాన్ని కోసి చూస్తేనే తెలుస్తుంది, అనుమానం ఉంటే మార్చెయ్, డీజిల్‌కి పనికొచ్చే రబ్బరు హోసే వెయ్యి, నీళ్ల గొట్టం వద్దు.

కానీ నా మనసు ట్యాంకు లోపలే ఉంది. జెట్టీలో ఎంతసేపైనా నడిచి, అలల్లోకి వెళ్తేనే ఆగుతోందన్నావు. హోసూ గాలి గొట్టమూ అలలకి మారవు, జెట్టీలోనూ అలాగే ఉంటాయి. ఊగితే కదిలేది ట్యాంకు అడుగున ఉన్న చెత్త ఒక్కటే. డీజిల్ తగ్గేకొద్దీ ఎక్కువవుతోందని మీ మావయ్య చెప్పాడు చూడు, ఆయన మాటలోనే జవాబుంది.

కాకినాడ బోటు:
గాలి గొట్టం, హోస్ మార్చి చూసి అప్పుడు ట్యాంకు విప్పితే మంచిది కదా బాబాయ్, ట్యాంకు విప్పడం అంటే పెద్ద పని.

డీజిల్ బాబాయ్:
మూత తీసే పరీక్షకి ఖర్చు లేదు, అది చేసి తీరాలి. హోస్ కూడా మార్చుకోవచ్చు. కానీ ముందు అవి మాత్రమే మార్చి ఊరుకుని, తర్వాత ట్యాంకు విప్పితే మధ్యలో ఇంకో వేట పాడవుతుంది, ఆ వేటలో ఐస్, డీజిల్, కలాసీల బత్తా అన్నీ పోతాయి.

జెట్టీ వైజాగ్:
ట్యాంకు విప్పాం. ముందు మూత తీసే పరీక్ష చేశాం, తేడా లేదు, గాలి గొట్టం శుభ్రంగా ఉంది. మిగిలిన డీజిల్ అంతా తోడి పెట్టుకుని పైన మ్యాన్‌హోల్ ప్లేటు తీశాం. అడుగున నీళ్లు, వాటి మీద గోధుమ రంగులో జెల్లీలాంటి పొర, తెట్టెలు తెట్టెలుగా. లాగుడు పైపు చివర ఇత్తడి జాలి బిగించి ఉంది, అది ఎప్పటిదో మాకెవరికీ తెలియదు, పాత యజమాని కాలంలో పెట్టి ఉంటారు. జాలి కళ్లు ముప్పావు వంతు ఆ జిగురుతో మూసుకుపోయాయి. చేత్తో తట్టితే తెట్టెలు రాలిపోతున్నాయి. ఇంజన్ ఆగగానే రాలడం, మళ్లీ లాగడం, మళ్లీ అంటుకోవడం... ఇప్పుడు అర్థమైంది.

ఇంజన్‌రూమ్:
అదే. షిప్పుల్లో కూడా మేం దీంతో పోరాడుతూనే ఉంటాం. నీళ్లు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగుకి చేరతాయి, నీళ్లకీ డీజిల్‌కీ మధ్య హద్దులో బ్యాక్టీరియా, బూజు పెరుగుతాయి. తిండి డీజిల్ నుంచి, తడి నీళ్ల నుంచి. సగం ఖాళీ ట్యాంకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎండలో ఉంటే పగలు లోపలి గాలి వేడెక్కి రాత్రి చల్లారి, పై రేకుకి చెమట పట్టి చుక్కలు చుక్కలుగా కారుతుంది. మన తీరంలో గాలిలో తేమ సంగతి చెప్పక్కర్లేదు.

కడిగేటప్పుడు జాగ్రత్త. ట్యాంకులోకి ఎవర్నీ దింపకండి, పైనుంచే కర్రకి గుడ్డ కట్టి తుడవండి. ఆ ఆవిరిలో ఊపిరాడక మనిషి పడిపోతాడు, అతన్ని తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. దగ్గర్లో బీడీ, వెల్డింగ్, గ్రైండర్ ఏదీ వద్దు. ఎంత తుడిచినా మూలల్లో కొంత మిగులుతుంది, కాబట్టి రెండు మూడు వేటల దాకా ఫిల్టర్లు త్వరగా మూసుకుపోతాయి. స్పేర్ ఫిల్టర్లు, వాటి వాషర్లు, స్పానర్ బోటులోనే ఉంచండి. తోడిన డీజిల్ నీళ్లు తేరాక పైపైన తీసి, వడకట్టి వాడుకోవచ్చు, అడుగుది మాత్రం పారబోయకండి, ముఖ్యంగా హార్బర్ నీళ్లలో. డబ్బాలోకి తీసి వేస్ట్ ఆయిల్ కొనేవాళ్లకి ఇచ్చేయండి.

జెట్టీ వైజాగ్:
జాలి కడిగి మళ్లీ బిగించాలా, తీసేయాలా?

కాకినాడ బోటు:
ఉంచండి, లేకపోతే చెత్తంతా పైపులోకి వస్తుంది.

డీజిల్ బాబాయ్:
తీసెయ్. జాలి ఉండాల్సింది చెయ్యి అందే చోట. సముద్రం మధ్యలో, రాత్రిపూట, ట్యాంకు అడుగున ఉన్న జాలిని ఎవడు కడుగుతాడు? ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య, కింద పారదర్శకమైన గిన్నె ఉండే వాటర్ సెపరేటర్ బిగించు. చెత్త వస్తే అక్కడికి రానీ, కంటికి కనబడుతుంది, అడుగు స్క్రూ వదిలితే నీళ్లు బయటికి పోతాయి. లాగుడు పైపు చివర ఏటవాలుగా కోసి, ట్యాంకు అడుగుకి రెండు అంగుళాలు పైన ఉండేలా పెట్టు. మరీ పైకి పెడితే ట్యాంకు తగ్గినప్పుడు అలల్లో గాలి లాగుతుంది. సెపరేటర్ దగ్గర లాగుడు చూపించే చిన్న వాక్యూమ్ గేజ్ కూడా పెట్టుకుంటే ఇంకా మంచిది. ఫిల్టర్ కొత్తగా ఉన్నప్పుడు ముల్లు ఎక్కడుందో గుర్తు పెట్టుకో, రోజురోజుకీ పెరుగుతుంటే ఆగేలోపే నీకు తెలిసిపోతుంది.

కాకినాడ బోటు:
సరే బాబాయ్, చెయ్యి అందే చోట అన్నది ఒప్పుకుంటున్నా. మా బోటులో కూడా లోపల జాలి ఉన్నట్టుంది, చూపిస్తా.

జాలారిపేట అక్క:
వచ్చే నిషేధానికి ముందు ట్యాంకు నింపి పెట్టమని చాలామంది చెప్తారు, చెమట పట్టకుండా. కానీ రెండు నెలలు వేట లేక చేతిలో డబ్బు లేనప్పుడు అంత డీజిల్ కొని నిలవ పెట్టడం మాలాంటివాళ్లకి కష్టం, కాపలా కూడా కావాలి. మేము పూర్తిగా తోడేసి, అడుగు తుడిచి, ఆరబెట్టి మూత బిగిస్తాం. సగం ఉంచడం ఒక్కటే వద్దు.

జెట్టీ వైజాగ్:
జాలి తీసేశాం, సెపరేటర్ బిగించాం, హోస్ కొత్తది వేశాం. రెండు వేటలు అయ్యాయి, అందులో ఒకటి బాగా గాలి ఉన్నప్పుడే. ఇంజన్ ఆగలేదు, పికప్ ఎప్పటిలా ఉంది. సెపరేటర్ గిన్నెలో మొదటి రోజు నల్ల తెట్టెలు, కొంచెం నీళ్లు కనిపించాయి, స్క్రూ వదిలి తీసేశాం, ఇప్పుడు తగ్గాయి. గిన్నెలో నీళ్లు తీశాక ప్రతిసారీ ఎయిర్ తీయాలా? మావయ్య అడుగుతున్నాడు.

డీజిల్ బాబాయ్:
ఇంజన్ ఆపాకే తియ్యండి, నడుస్తుండగా అడుగు స్క్రూ వదిలితే నీళ్లు రావు, గాలి లోపలికి పోతుంది. కొద్దిగా వదిలి వెంటనే బిగిస్తే హ్యాండ్ ప్రైమర్ కాసేపు కొడితే చాలు. గిన్నె మొత్తం ఖాళీ అయితే మాత్రం ఇంజన్ మీదున్న ఫిల్టర్‌కి గాలి తీసే బ్లీడ్ స్క్రూ వదిలి, బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా ప్రైమర్ కొట్టి, ధార వస్తుండగానే బిగించండి. ఆ తర్వాత పంపు మీద స్క్రూ కూడా అలాగే. రాగి వాషర్ నలిగి ఉంటే మార్చండి, పాతది మళ్లీ వేస్తే అక్కడే డీజిల్ కారుతుంది.